సొంతింటి నుంచి అద్దింటికి...

వాయిదాలు తప్పాయి. నోటీసులు వచ్చాయి. కష్టపడి కొనుక్కున్న ఇల్లు బ్యాంకు చేతికి వెళ్లిపోతోంది. సిబిల్‌ స్కోరూ పడిపోయింది. ఇప్పుడు ఎక్కడికెళ్లాలి? ఇల్లు అద్దెకిచ్చేదెవరు? ఇలాంటి కష్టంలో ఉన్న కుటుంబం ముందుగా తెలుసుకోవాల్సింది ఒక్కటే. అప్పు సంగతి వేరు, తలదాచుకునే నీడ సంగతి వేరు!

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. రెండూ ఎంత కష్టమో చెప్పారు గానీ, కట్టుకున్న ఇల్లు కళ్లముందే చేజారిపోతే ఏం చేయాలో మాత్రం చెప్పలేదు. వాళ్ల కాలంలో ఇరవయ్యేళ్ల గృహరుణాలు లేవు మరి!

ఇప్పుడు మధ్యతరగతి సొంతిల్లంటే చాలావరకూ అప్పుమీద నిలబడిన ఇల్లే. నెలనెలా జీతం వచ్చినంతకాలం ఆ సంగతి గుర్తే రాదు. ఇంటిపెద్ద ఉద్యోగం పోయినా, ఆసుపత్రి బిల్లు మీదపడినా, నమ్ముకున్న వ్యాపారం దెబ్బతిన్నా మొదట తప్పేది ఈఎమ్‌ఐనే. ఒకటి తప్పితే వచ్చేనెల కట్టేద్దామనుకుంటారు. రెండోది తప్పితే బ్యాంకు ఫోన్లు ఎత్తడం మానేస్తారు. మూడోది తప్పాక వచ్చిన రిజిస్టర్డ్‌ కవరును తెరవకుండా బీరువాలో పెట్టేస్తారు. పిల్లలకు తెలియకూడదనీ, ఎదురింటివాళ్లు చూడకూడదనీ... గోడమీద బ్యాంకు నోటీసు అతికించేదాకా ఇంట్లో ఎవరూ ఆ మాటే ఎత్తరు.

సమస్యంతా అక్కడే. ఇల్లు పోవడం కన్నా, పోతోందని ఒప్పుకోకపోవడంవల్ల జరిగే నష్టమే ఎక్కువ. ముందుగా కదిలిన కుటుంబం నాలుగు డబ్బులు మిగుల్చుకుని, పిల్లల బడికి దగ్గర్లో ఇల్లు చూసుకుని, పగటిపూట సామాను సర్దుకుని వెళ్తుంది. చివరిరోజు దాకా ఆగిన కుటుంబం పోలీసుల సమక్షంలో పెట్టెలు బయటపెట్టుకోవాల్సి వస్తుంది. రెండింటికీ మధ్య ఉన్న తేడా కొద్దినెలల సమయమే!

గడువులు ఉన్నాయి

గృహరుణం వాయిదా 90 రోజులు దాటి బకాయి పడితే బ్యాంకు దాన్ని మొండిబకాయిగా లెక్కేస్తుంది. ఆ తరవాత కోర్టుకు వెళ్లకుండానే తాకట్టు ఆస్తిని స్వాధీనం చేసుకునే అధికారాన్ని బ్యాంకులకు 2002నాటి సర్ఫేసీ చట్టం ఇచ్చింది. గృహరుణ సంస్థలూ దీన్నే వాడుకుంటాయి. అయితే, అధికారం ఉంది కదాని మర్నాడే వచ్చి తాళం వేయడానికి వీల్లేదు. మెట్టు మెట్టుకీ ఓ గడువుంది.

మొదట మొత్తం బాకీ కట్టమంటూ 60 రోజుల నోటీసు ఇవ్వాలి. దానిమీద అభ్యంతరం ఉంటే రాతపూర్వకంగా చెప్పొచ్చు. లెక్కలో తేడా ఉన్నా, కట్టిన సొమ్ము జమచేయకపోయినా ఆ సంగతి ఇక్కడే రాయాలి. అభ్యంతరాన్ని ఒప్పుకోకపోతే ఎందుకో బ్యాంకు 15 రోజుల్లో జవాబివ్వాలి. 60 రోజులూ దాటాక స్వాధీనపు నోటీసు వస్తుంది. దాన్ని ఇంటికి అతికించడంతోపాటు రెండు పత్రికల్లో ప్రచురిస్తారు. అందులో ఒకటి స్థానిక భాషా పత్రికై ఉండాలి. ఆదివారం పేపరు తిరగేస్తుంటే కనిపించే చిన్న అక్షరాల ప్రకటనల్లో కొన్ని ఇవే.

చాలామంది ఈ ప్రకటన చూడగానే అంతా అయిపోయిందనుకుంటారు. నిజానికి చాలాసార్లు అప్పటికి జరిగేది కాగితంమీద స్వాధీనమే. ఇంట్లోవాళ్లు ఖాళీ చేయకపోతే బ్యాంకు జిల్లా మేజిస్ట్రేట్‌నో చీఫ్‌ మెట్రోపాలిటన్‌ మేజిస్ట్రేట్‌నో ఆశ్రయించి, ఆ ఉత్తర్వుతో ఇంటిని తీసుకోవాలి. బ్యాంకు తీసుకున్న చర్య చట్టప్రకారం లేదనిపిస్తే 45 రోజుల్లోగా డీఆర్‌టీగా పిలిచే రుణ వసూళ్ల ట్రైబ్యునల్‌కి వెళ్లొచ్చు. తెలుగువాళ్లకు హైదరాబాద్‌లోనూ విశాఖపట్నంలోనూ ఈ ట్రైబ్యునళ్లు ఉన్నాయి. ఇక, వేలానికి ముందు మొదటిసారైతే 30 రోజుల వ్యవధితో నోటీసివ్వాలి. చట్టానికి 2016లో చేసిన సవరణ ప్రకారం బాకీ మొత్తం కట్టి ఇంటిని విడిపించుకునే హక్కు వేలం ప్రకటన వెలువడేదాకానే ఉంటుంది. ‘వేలంరోజు చూసుకుందాంలే’ అనుకుంటే ఆలస్యమైపోయినట్లే.

ఈ గడువులన్నీ ఇల్లు నిలబెట్టుకోవడానికే అనుకుంటారు. నిలబెట్టుకునే దారి ఉంటే మంచిదే. ఉద్యోగం మళ్లీ దొరికితే, బకాయి తీర్చే స్తోమతుంటే బ్యాంకు మేనేజరును కలిసి రుణకాలాన్ని పెంచమనో, వాయిదా తగ్గించమనో అడగాలి. మొండిబకాయిగా మారకముందు అడిగితే ఒప్పుకునే అవకాశం ఎక్కువ. ఆ దారి లేదని తేలితే, అదే గడువును అద్దింటికి మారడానికి వాడుకోవాలి. అలా మారాలంటే ముందు చేతిలో కాస్త డబ్బుండాలి. అదెలా వస్తుందంటే...

ఎవరు అమ్మితే మేలు?

ఓ లెక్క వేసి చూద్దాం. ఫ్లాటు విలువ 60 లక్షల రూపాయలు, వడ్డీతో కలిపి బ్యాంకు బాకీ 42 లక్షలు అనుకుందాం. బ్యాంకు అనుమతితో యజమానే కాస్త తగ్గించి 57 లక్షలకు అమ్మితే, బాకీ పోను 15 లక్షలు చేతికొస్తాయి. నెలకు 18 వేల రూపాయల అద్దె చొప్పున అది దాదాపు ఏడేళ్ల అద్దెకి సమానం!

అదే ఇల్లు వేలానికి వెళ్లిందనుకుందాం. కొనేవాళ్లు ముందుకు రాక ధర తగ్గించి చివరికి 48 లక్షలకు పోయింది. ఈలోగా వడ్డీ, వేలం ఖర్చులు కలిసి బాకీ 45 లక్షలకు చేరింది. మిగిలేది మూడు లక్షలే. 40 లక్షలకే పోతే ఇల్లూ పోయి, ఇంకా అయిదు లక్షల అప్పు మిగులుతుంది. ఆ మిగిలిన బాకీకోసం బ్యాంకు మళ్లీ ట్రైబ్యునల్‌కో కోర్టుకో వెళ్లొచ్చు. ఇల్లు ఇచ్చేశాం కాబట్టి లెక్క సరిపోయిందనుకోవడానికి వీల్లేదు. అలాగే వేలంలో బాకీకి మించి వచ్చిన సొమ్మును బ్యాంకు తన దగ్గర ఉంచుకోవడానికీ వీల్లేదు. మిగిలింది హక్కుదారులకు తిరిగివ్వాలి. అది అడిగి తీసుకోవచ్చన్న సంగతే చాలామందికి తెలియదు.

60 రోజుల నోటీసు అందాక ఇంటిని అమ్మాలన్నా, అద్దెకివ్వాలన్నా బ్యాంకు రాతపూర్వక అనుమతి తప్పనిసరి. అందుకే అమ్మే ఆలోచన ఎంత ముందు చేస్తే అంత మంచిది. బాకీ మొత్తం తీరితే అసలు దస్తావేజులను 30 రోజుల్లో తిరిగివ్వాలనీ, తన తప్పువల్ల ఆలస్యమైతే రోజుకు 5 వేల రూపాయల చొప్పున పరిహారం చెల్లించాలనీ రిజర్వు బ్యాంకు 2023లో చెప్పింది. కాబట్టి కొనేవాళ్లకు భయం అక్కర్లేదు.

ఇక్కడే మరో గొయ్యి ఉంది. ఇల్లు పోతోందన్న కంగారులో నూటికి మూడు రూపాయల వడ్డీకి చేబదులు తెచ్చి ఈఎమ్‌ఐ కడుతుంటారు కొందరు. మూడు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 36 శాతం. తొమ్మిది శాతం అప్పు తీర్చడానికి ముప్ఫయ్యారు శాతం అప్పు చేయడమన్నమాట. నాలుగు నెలలు గడిచాక ఇల్లూ ఉండదు, ఇల్లాలి మెళ్లో నగా ఉండదు. ఆదాయం మళ్లీ వస్తుందన్న నమ్మకం లేనప్పుడు ఆ బంగారం ఈఎమ్‌ఐకి కాదు, అద్దింటి అడ్వాన్సుకి పనికొస్తుంది.

టు-లెట్‌ బోర్డు ముందు...

సొంతింట్లో పదేళ్లున్నవాళ్లకు టు-లెట్‌ బోర్డు ముందు నిలబడి కాలింగ్‌ బెల్‌ నొక్కడం చిన్న విషయం కాదు. ‘ఎంతమంది ఉంటారు? ఏం చేస్తుంటారు? చుట్టాలు ఎక్కువగా వస్తారా? మాంసం వండుతారా?’ అన్న ప్రశ్నలకు వాకిట్లో నిలబడి జవాబు చెప్పాలి. దానికితోడు ‘మన సిబిల్‌ సంగతి వీళ్లకు తెలిస్తే...’ అన్న భయం ఒకటి.

ఆ భయం చాలావరకూ అనవసరం. అమెరికా, బ్రిటన్లలో ఇల్లు అద్దెకిచ్చేముందు అద్దెకొచ్చేవారి రుణచరిత్ర చూడటం మామూలే. ఇల్లు పోగొట్టుకున్నవాళ్లకు అక్కడ అద్దిల్లు దొరకడమూ కష్టమవుతుంది. మన దగ్గర మామూలు ఇంటి యజమానికి ఆ అలవాటు లేదు. పైగా తనంత తానుగా ఎవరి సిబిల్‌ నివేదికనూ తెప్పించుకోలేడు. 2005నాటి రుణ సమాచార సంస్థల చట్టం ప్రకారం ఆ సమాచారం బ్యాంకులూ ఆర్థిక సంస్థలూ అనుమతి ఉన్న మరికొందరికే అందుతుంది. కంపెనీల ద్వారా ఇల్లు తీసుకునేటప్పుడు నివేదిక చూపించమని అడిగితే మాత్రం, ఇవ్వాలో వద్దో అద్దెకొచ్చేవారి ఇష్టం. అక్కడ కుదరకపోతే వీధిలో టు-లెట్‌ బోర్డులకు కొదవలేదు.

మన ఇంటి యజమానికి కావాల్సింది నిజానికి ఒక్కటే... అయిదో తారీఖులోపు అద్దె వస్తుందా, లేదా? ఆ నమ్మకం కలిగించే కాగితాలు దగ్గరుంటే స్కోరు ప్రస్తావనే రాదు. చివరి మూడు నెలల జీతం చీటీలు, ఆఫీసు గుర్తింపు కార్డు, ఆదాయం జమ అవుతున్నట్లు చూపే బ్యాంకు ఖాతా వివరాలు... ఇవి చాలు. చిన్న వ్యాపారమైతే ఆదాయపన్ను రిటర్నులు చూపించొచ్చు. ఇన్నాళ్లూ సొంతింట్లో ఉన్నారు కాబట్టి పాత యజమాని సిఫార్సు ఉండదు. దానికి బదులు అపార్ట్‌మెంటు సంఘం కార్యదర్శి చేత నిర్వహణ ఛార్జీలు సక్రమంగా కట్టేవారని రెండు ముక్కలు రాయించుకోవచ్చు. అందుకే వాయిదాలు తప్పినా ఆ ఛార్జీలు తప్పకుండా చూసుకోవడం మంచిది.

‘సొంతిల్లు ఉండేదంటున్నారు, ఎందుకు వచ్చేశారు?’ అన్న ప్రశ్న తప్పక ఎదురవుతుంది. అబద్ధం చెబితే ఎప్పుడో ఒకప్పుడు బయటపడుతుంది. అలాగని నోటీసుల చరిత్రంతా విప్పనక్కర్లేదు. ‘వాయిదా భారమైందండీ, ఇల్లు వదులుకున్నాం. అద్దెకైతే మా జీతం సరిపోతుంది’ అంటే చాలు. ఆ మాట నిజం కూడా. 40 లక్షల రుణానికి తొమ్మిది శాతం వడ్డీతో ఇరవయ్యేళ్లకు నెల వాయిదా దాదాపు 36 వేల రూపాయలు. అలాంటి ఫ్లాటు చాలాచోట్ల అందులో సగం అద్దెకే దొరుకుతుంది. వాయిదా మోయలేని కుటుంబం అద్దె మోయగలదని ఈ లెక్కే చెబుతుంది.

అయితే పాత హోదా కోసం పాత స్థాయి ఇల్లే వెతకొద్దు. నికరంగా వచ్చే ఆదాయంలో మూడోవంతు దాటని అద్దె అయితేనే మళ్లీ చిక్కుల్లో పడకుండా ఉంటారు. నిర్వహణ ఛార్జీ, నీళ్ల ట్యాంకరు, మోటారు కరెంటు, పార్కింగు... ఇవన్నీ అద్దెలో కలిసున్నాయో విడిగా కట్టాలో ముందే అడగాలి.

ఒప్పందం రాసుకునేముందు

హైదరాబాద్‌లాంటి చోట్ల రెండు మూడు నెలల అద్దె అడ్వాన్సుగా అడగడం మామూలు. యజమాని సందేహిస్తుంటే ఇంకో నెల అద్దె ఎక్కువిస్తామని చెప్పొచ్చు గానీ చేతిలో ఉన్నదంతా ఊడ్చి పెట్టొద్దు. ఏజెంటు ద్వారా వెళ్తే అతని కమీషనూ లెక్కలో ఉండాలి. డబ్బు ఏదైనా బ్యాంకు ద్వారానో ఫోన్‌ ద్వారానో పంపితే రుజువు ఉంటుంది.

అద్దె ఒప్పందాలు ఎక్కువగా 11 నెలలకే రాసుకుంటారు. ఏడాదికి మించిన లీజుకు రిజిస్ట్రేషన్‌ తప్పనిసరని 1908నాటి చట్టం చెబుతోంది కాబట్టి ఆ పద్ధతి. అడ్వాన్సు ఎంత, ఎప్పుడు తిరిగిస్తారు, రంగులకు ఎంత పట్టుకుంటారు, ఖాళీ చేయాలంటే ఎన్ని నెలల ముందు చెప్పాలి, ఏటా అద్దె ఎంత పెరుగుతుంది... ఈ అయిదూ కాగితంమీద ఉండాలి. పాత పన్ను విధానంలో ఉన్న ఉద్యోగులకు అద్దె చీటీలతో ఇంటి అద్దె భత్యంమీద మినహాయింపు కూడా వస్తుంది. ఏడాది అద్దె లక్ష రూపాయలు దాటితే యజమాని పాన్‌ నంబరు తీసుకోవాలి.

మరో జాగ్రత్త... చేరబోయే ఇల్లే ఏ బ్యాంకు వేలంలోనో లేదు కదా! నోటీసు అందుకున్న యజమాని బ్యాంకుకు చెప్పకుండా అద్దెకిస్తే, అడ్వాన్సు ఇచ్చి చేరినవారికి రక్షణ ఉండదు. గేటుమీదా గోడమీదా అతికించి చింపేసిన నోటీసులేమైనా ఉన్నాయేమో చూడాలి. వాచ్‌మన్‌ని, పక్కింటివాళ్లని అడగాలి. తాకట్టు వివరాలను నమోదుచేసే సెర్సాయ్‌ అనే కేంద్ర సంస్థ వెబ్‌సైట్‌లో కొద్దిపాటి రుసుముతో ఎవరైనా వెతుక్కోవచ్చు. ఒకసారి ఇల్లు పోగొట్టుకున్న కుటుంబానికి రెండోసారి ఆ దెబ్బ తగలకూడదు.

తాళం ఇచ్చేరోజు

బ్యాంకుతో ముందే మాట్లాడుకుని ఫలానా తేదీన ఖాళీ చేస్తామని రాసిస్తే కొద్దిరోజులు ఆగడానికి చాలామంది అధికారులు ఒప్పుకుంటారు. తాకట్టులో ఉన్నది ఇల్లే గానీ ఇంట్లో మంచాలూ బీరువాలూ కావు. వాటిని తీసుకెళ్లొచ్చు. తాళాలు అప్పగించినట్లు తేదీతో సహా రసీదు తీసుకోవాలి. ఇంటి ఫొటోలు తీసిపెట్టుకోవాలి. కరెంటు, నీటి బిల్లులు ఆరోజుకు తేల్చుకోవాలి.

బ్యాంకుకు కొత్త చిరునామా రాతపూర్వకంగా ఇవ్వాలి. ‘వాళ్లకెందుకు చెప్పడం, మళ్లీ వెంటపడతారు’ అనుకుంటారు. కానీ చెప్పకపోతే వేలంలో మిగిలిన సొమ్ము సంగతైనా, ఇంకా కట్టాల్సిన బాకీ సంగతైనా పాతింటి చిరునామాకే వెళ్తుంది. ఆ ఉత్తరాలు మనదాకా రావు, గడువులు దాటిపోతాయి. ఇక, వసూలు ఏజెంట్లు ఉదయం ఎనిమిదికి ముందూ రాత్రి ఏడు తరవాతా ఫోన్లు చేయకూడదని రిజర్వు బ్యాంకు 2022లో స్పష్టం చేసింది. బెదిరించడం, బంధువుల ముందు పరువు తీయడం కూడా కుదరదు. అలా జరిగితే మొదట బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. 30 రోజుల్లో పరిష్కారం రాకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌ని ఆశ్రయించవచ్చు.

పిల్లల సంగతి మర్చిపోకూడదు. ఇల్లు మారుతున్నామని ముందురోజు చెప్పి లారీ ఎక్కించేస్తే వాళ్లకు అర్థంకాదు సరికదా, తప్పేదో జరిగిందని బిక్కుబిక్కుమంటారు. పదేళ్లు దాటిన పిల్లలకు ఉన్నమాట చెప్పొచ్చు. వీలైతే బడి మారకుండా ఉండేంత దూరంలోనే ఇల్లు చూడాలి. ఇల్లూ బడీ స్నేహితులూ మూడూ ఒకేసారి పోతే ఆ పసిమనసులు తట్టుకోలేవు.

స్కోరు కోలుకుంటుంది

2000లో మొదలైన సిబిల్‌ ఒక్కటే కాదు, మనదేశంలో ఇలాంటి సంస్థలు నాలుగున్నాయి. సిబిల్‌ స్కోరు 300 నుంచి 900 మధ్య ఉంటుంది. ఇల్లు స్వాధీనమయ్యేదాకా వెళ్లిన ఖాతా దాన్ని బాగా కిందికి లాగుతుంది. ఆ సమాచారం కనీసం ఏడేళ్లు దాచి ఉంచుతారు. ఆ ప్రభావం రుణం తీసుకున్నవారితోనే ఆగదు. సహ రుణగ్రహీతగా సంతకంపెట్టిన జీవిత భాగస్వామికీ, హామీ ఉన్న స్నేహితుడికీ అంటుకుంటుంది. అయితే సంతకం పెట్టని కొడుకు స్కోరునో కూతురి స్కోరునో తండ్రి బకాయి ఏమీ చేయలేదు.

ప్రతి సంస్థా ఏడాదికోసారి పూర్తి నివేదికను ఉచితంగా ఇవ్వాలి. అది తెప్పించుకుని వేలం సొమ్ము బాకీలో జమయిందో లేదో చూడాలి. తప్పుంటే ఫిర్యాదు చేయాలి. 30 రోజుల్లో సరిచేయకపోతే రోజుకు వంద రూపాయల పరిహారం ఇవ్వాలన్న నిబంధన 2024 నుంచి అమల్లో ఉంది. మిగిలిన బాకీని బేరమాడి తగ్గించి కడితే నివేదికలో ‘సెటిల్డ్‌’ అని పడుతుంది. పూర్తిగా కడితే ‘క్లోజ్డ్‌’ అని పడుతుంది. రేపు అప్పిచ్చే బ్యాంకు దృష్టిలో ఈ రెండు మాటలకీ చాలా తేడా ఉంది. చేతిలో డబ్బులేనప్పుడు సెటిల్‌మెంటే దారి కావచ్చు. కానీ ఆ తేడా తెలిసే సంతకం పెట్టాలి.

కాస్త నిలదొక్కుకున్నాక ఓ చిన్న ఫిక్స్‌డ్‌ డిపాజిట్‌ చేసి దానిమీద క్రెడిట్‌ కార్డు తీసుకోవచ్చు. నెలకు కొద్దిగా వాడి గడువులోపు మొత్తం కట్టేస్తూపోతే స్కోరు మెల్లగా లేస్తుంది. అప్పులిప్పిస్తామంటూ, స్కోరు రాత్రికి రాత్రి పెంచేస్తామంటూ డబ్బడిగేవాళ్లను మాత్రం నమ్మొద్దు. నిజమైన బకాయిని నివేదికలోంచి చెరిపేసే మంత్రం ఎవరి దగ్గరా లేదు.

నెలనెలా కట్టే అద్దె సాధారణంగా ఏ సిబిల్‌ నివేదికలోనూ కనిపించదు. కానీ చెప్పిన తారీఖుకు అద్దె అందుకున్న యజమాని నోట ఓ మంచిమాటగా మిగులుతుంది. రేపు ఇంకో ఇల్లు చూసుకోవాల్సి వస్తే, ఆ ఇంటివాళ్లు ఫోన్‌ చేసి అడిగేది ఆ మాటే. ఇల్లు పోగొట్టుకున్న కుటుంబానికి కొత్త జీవితంలో మొదటి పెట్టుబడి అదే!